మహమ్మారి కాలమున శస్త్రచికిత్స



వాయిదా యను మాట మనకు కచేరీలనుండి వచ్చినది. దావా వాయిదా పడినచో కక్షిదారు విసుగుకొనును, ప్లీడరునకు మఱియొకమాఱు ఫీజు చెల్లించును. అంతియే కాని దావా స్వరూపము మాఱదు. రోగము అట్టిది కాదు. వాయిదా వేసిన దినము మొదలు అది తన పని తాను చేసికొనుచునే యుండును. 2020 మార్చి 20వ తేదీన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖవారు, అత్యవసరము కాని శస్త్రచికిత్సలను వాయిదా వేయవలసినదని దేశములోని ఆసుపత్రులకు సూచన పంపిరి. ఆ సూచన ఎందులకు వచ్చినది, దాని ఫలము ఎవరికి తగిలినది యనునదియే నేటి ప్రసంగము.

అది అకారణముగా వచ్చిన సూచన కాదు. పెద్ద ఆపరేషను జరుగునపుడు మత్తునిచ్చు వైద్యుడు రోగి శ్వాసనాళములోనికి గొట్టము పంపి యూపిరి నడపును. కోవిడు సోకి ఊపిరాడని వారికి కృత్రిమశ్వాస యంత్రము నమర్చుటకును తఱచుగా ఆ వైద్యుడే కావలయును. ఒక్క మనిషి రెండుచోట్ల నుండలేడు గదా! పడకలు, నర్సులు, ప్రాణవాయువు సంగతియు నంతే. పైగా గొట్టము పంపునపుడు వెలువడు సన్నని తుంపరలు గదిలోనివారికి రోగము నంటింపగలవు. అందుచేత వీలైనచోట నడుమునకు సూదిమందిచ్చి, రోగి మెలకువగా నుండగనే పని ముగించుట మేలని వైద్యులు తలచిరి. రక్తదాన శిబిరములు ఆగిపోవుటచే రక్తనిధులలో నిలువలును తఱిగెను. ఇంగ్లాండులోని బర్మింగుహాము విశ్వవిద్యాలయమువారు నడపిన యొక పరిశోధన బృందము, రోగోధృతి మిక్కిలిగా నుండు 12 వారములలో ప్రపంచమున 2 కోట్ల 84 లక్షల శస్త్రచికిత్సలు రద్దగుటయో వాయిదా పడుటయో జరుగునని 2020లో అంచనా వేసినది. అందు మన దేశపు వంతు 5 లక్షల 80 వేలకు పైబడినది.

ఇక మన గరివిడి వైపు చూతము. విజయనగరము జిల్లాలో 2020 మే నెల ప్రవేశించువఱకు ఒక్క కోవిడు రోగియు నమోదు కాలేదు. అనగా రోగము రాకమునుపే రోగమువలని నష్టము వచ్చి కూర్చున్నది. మార్చి 22 నుండి ప్రయాణికుల రైళ్లు నిలిచెను. 25 నుండి దేశమంతయు లాక్‌డౌను. గరివిడిలో రైలెక్కి నెల్లిమర్లకో, విజయనగరమునకో, విశాఖపట్టణమునకో పోయి వైద్యము చేయించుకొనువారికి దారి మూసికొనిపోయినది. దారి దొరకినను చోటు దొరకుట కష్టమయ్యెను. నెల్లిమర్లలోని మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ, విశాఖలోని విమ్సు ఆ సంవత్సరము కోవిడు రోగులకై కేటాయింపబడినవి. కోవిడు లేనివాడు కోవిడువలన బాధపడుట యనగా నిదియే.

అత్యవసరము కాదను మాట ఆసుపత్రి లెక్క. ఇంటి లెక్క వేఱు. కంటిపొర తీయించుకొనుట ఆసుపత్రివారి లెక్కలో నేడు కాకున్న రేపు. చూపు మందగించిన ముసలితల్లి చీకటిలో గడప తగిలి పడి తుంటి విఱుగగొట్టుకొన్న దినమున అదియే అత్యవసరము. మన ప్రాంతమున బోదకాలు తెచ్చు వ్యాధివలన వరిబీజముగలవారు పెక్కుమంది కలరు, బుడ్డయని వాడుక. అది నెలలు వేచినను సాధారణముగా ప్రాణాపాయము లేదు. కాని గజ్జలలో వాపు కనిపించిన ప్రతిదియు బుడ్డ యనుకొనుట ప్రమాదము. ప్రేగు జాఱి దిగిన హెర్నియాయు అట్లే యుండును. పండుకొనినపుడు లోనికి పోవుచుండిన వాపు ఒకనాడు పోక గట్టిపడి, నొప్పియు వాంతులును తోడైనచో ప్రేగు నొక్కుకొని కుళ్లుచున్నదని యర్థము. అట్టివానికి గంటలే గడువు. ఏ మహమ్మారియు, ఏ నిషేధమును అడ్డురారాదు. మధుమేహముగలవాని కాలిపుండు నల్లబడుట, స్త్రీకి రొమ్ములో గడ్డ యేర్పడుట కూడ వేచియుండదగినవి కావు. ఆ దినములలో ఆసుపత్రికి పోయిన కోవిడు అంటునను భయమున ఇంట పడియుండి, ఆంత్రపుచ్ఛము పగిలిన పిదప వచ్చినవారు పెక్కుదేశములలో కలరు. ఆ భయమును నేను తప్పుపట్టజాలను.

ఏలయన ఆ భయమునకు ఆధారము కలదు. 24 దేశములలో కోవిడు సోకియుండగా శస్త్రచికిత్స జరిగిన 1128 మందిని పరీక్షింపగా, నెలలోపల నూటికి దాదాపు 24 మంది మరణించిరి. సగము మందికి ఊపిరితిత్తుల చిక్కులు కలిగెను. వారిలో పలువురు అత్యవసర స్థితిలో వచ్చినవారే యనుట మఱవరాదు. తరువాత 116 దేశములలో లక్షా నలుబదివేల మందికి పైబడి రోగులను గమనించి, కోవిడు సోకిన ఏడు వారములవఱకు శస్త్రచికిత్సలో అపాయము హెచ్చుగా నుండునని, అటుపిమ్మట సాధారణ స్థాయికి వచ్చునని 2021లో ప్రకటించిరి. అప్పటికిని ఆయాసము తీఱనివారికి మఱికొంత గడువు కావలయును. టీకాలు వచ్చిన పిదప వైద్యులు రోగినిబట్టి ఈ గడువును తగ్గించుచున్నారు. కాబట్టి ఆపరేషనుకు పోవువారు తమకు జ్వరము వచ్చిన తేదీని, వేయించుకొన్న టీకాలను దాచక చెప్పవలయును. మన మాంగనీసు గనుల ధూళిలో చిరకాలము పనిచేసినవారు ఆ సంగతియు చెప్పుట మంచిది. మత్తు వైద్యునకు ఊపిరితిత్తుల చరిత్ర ముఖ్యము.

రోగి సేవ మాటకు వత్తును. మన పల్లెలలో రోగి వెంట నలుగురు పోవుట రివాజు. మహమ్మారి దినములలో ఒకరిని రానిచ్చుటయే గగనము. నర్సుల ముఖములు ముసుగులలో దాగెను. చెవులు మందగించి, పెదవుల కదలికనుబట్టి మాట గ్రహించు వృద్ధులకు ఆసుపత్రి మూగబోయినట్లయ్యెను. దీనికి లెక్కలు లేవు కాని, నా దృష్టిలో ఇది చిన్న బాధ కాదు.

2021లో రెండవ విజృంభణ వచ్చినపుడు మాత్రము శస్త్రవైద్యులకు వాయిదా వేయుటకు వీలులేని పని పడినది. మధుమేహము అదుపు తప్పినవారికి, స్టెరాయిడు మందులు అధికముగా వాడినవారికి, కోవిడు తగ్గుచుండగా బ్లాక్ ఫంగసు సోకెను. ఇది ముక్కులో మొదలై దవడకును కంటికిని ప్రాకును. దీనికి వాడు ఆంఫోటెరిసిన్ మందు ఆ మే నెలలో దేశమంతటను కఱవయ్యెను. మందున్నను చాలదు, చచ్చిన భాగమును కోసి తీసివేయక తప్పదు. ప్రాణము నిలుపుటకు కొందఱికి కన్నే తీసివేసిరి. రాష్ట్ర ప్రభుత్వమువారు ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చిరి. పై దవడ పోయినవారికి అన్నము ముక్కులోనికి పోవును, మాట స్పష్టముగా రాదు. దంతవైద్యులు కృత్రిమమైన అంగిలి నమర్చినచో రెండును చాలవఱకు చక్కబడును. ఆ యమరిక నోటి కొలత మాఱినకొలది వదులగుచుండును గనుక, సంవత్సరములు గడచినను అట్టివారిని మరల మరల వైద్యునికడకు తీసికొనిపోవలయును.