గడ్డ తగ్గలేదు, మరి మందు పనిచేసినట్టా?

తమ్ముళ్లూ, మా పెద్దమ్మ కడుపులో గడ్డ జిస్ట్ అనే క్యాన్సర్. ఇమాటినిబ్ మాత్రలు వాడిన నెలకు తీసిన సీటీలో కొలత మారలేదు. ఇంట్లో రిపోర్టు చదవగలిగింది నేనొక్కణ్ణే. "మానేద్దామా?" అని నన్నే అడిగారు.

సీటీ గడ్డ సైజు చెబుతుంది, పెట్ స్కాన్ గడ్డ ఆకలి చెబుతుంది. చాలా క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా లాక్కుంటాయని 1920లలోనే ఆటో వార్‌బర్గ్ గమనించాడు. అందుకే ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజు లాంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కిస్తారు. ఆ ఫ్లోరిన్ 110 నిమిషాల్లో సగమైపోతుంది. దాన్నుంచి వెలువడే పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌తో కలిసి అంతమై, రెండు గామా కిరణాలు వ్యతిరేక దిశల్లో పోతాయి. చుట్టూ ఉన్న డిటెక్టర్లు వాటిని పట్టి చోటు లెక్కగడతాయి. (ఇంటర్ ఫిజిక్సు బట్టీ పట్టకండి, ఇలా పనికొస్తుంది!)

జిస్ట్‌లో ఈ మాత్ర పనిచేస్తే గడ్డ చిక్కకముందే, కొద్ది రోజుల్లోనే ఆ వెలుగు తగ్గుతుంది. పెద్దమ్మ తొలి పెట్‌లో దీపంలా వెలిగిన చోటు రెండోదాంట్లో మసకబారింది. డాక్టరుగారు మాత్రలు ఆపొద్దన్నారు.