“ఉప్పు వేశాను” అని గట్టిగా చెప్పండి!

ఇంట్లో శుభకార్యం ఉన్నరోజు వంటగదిలో నలుగురైదుగురు ఆడవాళ్ళం చేరితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఒకరు కడిగిన కూరగాయలు ఇంకొకరు మళ్ళీ కడుగుతారు. పోపు ఎవరో వేశారనుకుని ఎవరూ వేయరు. ఉప్పు మాత్రం ఇద్దరు వేస్తారు! మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అని పెద్దలు అననే అన్నారు. కానీ తప్పంతా మందిదేనా? కాదని నాకు ఈమధ్యే తెలిసింది. అదీ చక్రాల చెక్క ఎక్కి తిరిగే పిల్లల వల్ల తెలిసిందంటే నవ్వుతారేమో. వినండి మరి.

మాది హాలియా. సాగర్ ఎడమ కాల్వ నీళ్ళతో వరి పండే ఊరు. నేను ఇంటర్‌తో చదువు ఆపేసి సంసారంలో పడ్డాను. మా పెద్దమ్మాయి హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. సినిమాలు, టీవీ కార్యక్రమాలు తీయడం నేర్పే చదువట. చివరి సంవత్సరంలో ఐదుగురు కలిసి పదిహేను నిమిషాల డాక్యుమెంటరీ తీసి చూపించాలి. వీళ్ళు ఎంచుకున్నది స్కేట్‌బోర్డు. మా అమ్మాయి డైరెక్టరు. ఒకబ్బాయి కెమెరా, ఒకమ్మాయి సౌండ్, ఒకరు ఎడిటింగ్. ఐదో అబ్బాయికి పేరులేని పనులన్నీ... అనుమతులు అడగడం, ఆటో పిలవడం, అన్నం పొట్లాలు తేవడం. “మన ఇంట్లో నా పని లాంటిదన్నమాట” అన్నాను నేను!

పడటం దాచని ఆట

ఒక ఆదివారం నేనూ వెళ్ళి చూశాను. స్కేట్‌బోర్డంటే పల్చని చెక్కపొరలు ఏడింటిని అతికించి చేసిన పలక. కింద ముందు రెండు, వెనక రెండు చక్రాలు. బూట్లకు కట్టుకునే స్కేట్లు వేరు, ఇది వేరు. ఇందులో కాలికీ పలకకూ ఏ కట్టూ ఉండదు. అమెరికాలో కాలిఫోర్నియా తీరంలో అలల మీద పలకలతో ఆడుకునేవాళ్ళు, అలలు లేని రోజుల్లో నేలమీద ఆడుకోవడానికి 1950లలో మొదలుపెట్టారట. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌తో ఒలింపిక్ ఆట కూడా అయింది.

నేను చూసినంతసేపూ పిల్లలు పడుతూనే ఉన్నారు. నా గుండె దడదడలాడింది. కానీ ఎవరూ నవ్వలేదండీ! పడ్డవాళ్ళు లేచి మళ్ళీ అదే చోటికి వెళ్తున్నారు. బాగా చేస్తే చుట్టూ ఉన్నవాళ్ళు తమ పలకలను నేలకేసి టకటకా కొడుతున్నారు. అవి వాళ్ళ చప్పట్లు.

టోక్యోలో జరిగిన సంగతి కూడా మా అమ్మాయి అక్కడే చెప్పింది. 2021 ఆగస్టు 4న ఆడపిల్లల ఫైనల్లో పదిహేనేళ్ళ జపాన్ అమ్మాయి మిసుగు ఒకమోటో చివరి ప్రయత్నంలో పడిపోయింది. నాలుగో స్థానంతో పతకం చేజారింది. ఏడుస్తున్న ఆ పిల్లను ఆమెతో పోటీపడిన అమ్మాయిలే వచ్చి భుజాల మీదికి ఎత్తుకున్నారు. మన చెన్నై దగ్గరి మహాబలిపురంలో కమలి అనే చిన్నపిల్ల ఇలాగే స్కేట్‌బోర్డు నేర్చుకుంటే, ఆమె మీదా వాళ్ళమ్మ మీదా 2019లో ‘కమలి’ అని చిన్న డాక్యుమెంటరీ వచ్చింది. అది చూసే మా పిల్లలకు ఈ ఆలోచన పుట్టింది.

మాట పోయింది

వీళ్ళ డాక్యుమెంటరీకి ప్రాణం ఒక తల్లి. కుట్టుమిషను మీద సంసారం నడుపుతోంది. ఆమె పదమూడేళ్ళ కూతురు ఆ పార్కులో స్కేట్‌బోర్డు నేర్చుకుంటోంది. “మోకాళ్ళు పగులగొట్టుకునే ఆట ఆడపిల్లకెందుకు?” అని చుట్టాలు అంటున్నా ఆమె ఎందుకు పంపుతోందో చెప్పాలి. మొదట కెమెరా ముందుకు రానంది. మూడు వారాలు తిరిగితే ఒప్పుకుంది. నలభై నిమిషాలు మాట్లాడింది. కెమెరా పట్టిన అబ్బాయి కూడా కళ్ళు తుడుచుకున్నాడట.

నాలుగు రోజుల తర్వాత రాత్రి పదింటికి ఫోను. “అమ్మా, అంతా ఖరాబైంది. ఆంటీ మాటలు లేనే లేవు!”

సౌండ్ పట్టే యంత్రానికి ఒక బటన్ ఉంటుందట. ఒకసారి నొక్కితే ఎర్రదీపం మిణుకు మిణుకుమంటుంది. అంటే యంత్రం తయారుగా ఉందని మాత్రమే. రెండోసారి నొక్కితే దీపం నిలకడగా వెలుగుతుంది. అప్పుడే మాట ఎక్కుతుంది. ఆ పిల్ల ఒక్కసారే నొక్కింది. కెమెరాలో పడిన మాటేమో చక్రాల చప్పుడులో కలిసిపోయింది. ఆ సాయంత్రమే సంగతి తెలిసినా భయపడి “కార్డు పాడైనట్టుంది” అంది. కార్డులు దాచేది కెమెరా అబ్బాయి. నాలుగు రోజులు అతన్నే అందరూ తిట్టారు. చివరికి ఆ పిల్లే ఏడుస్తూ చెప్పేసింది.

“దాని పేరు తీసేస్త. రేపటినుంచి రావద్దని చెప్పిన” అంది మా అమ్మాయి.

నాకు వెంటనే మాట రాలేదు. ఎందుకంటే ఆ సౌండ్ పిల్లను నేనెరుగుదును. పంతొమ్మిదేళ్ళ కింద ఆ పిల్లను నేనే!

గుండిగెడు పప్పుచారు

అప్పుడు మా పెద్దమ్మాయి పాకుతోంది. మా ఆడబిడ్డ నిశ్చితార్థం. అరవైమందికి వంట ఇంట్లోనే. పొయ్యి దగ్గర మా పెద్ద యారాలు. ఆమె బయటికి వెళ్ళినప్పుడు నేను గుండిగెలో పప్పుచారుకు ఉప్పు వేశాను. పాప ఏడిస్తే పరుగెత్తాను. ఆమె వచ్చి తన లెక్క ప్రకారం మళ్ళీ వేసింది. విస్తళ్ళ ముందు మగపెళ్ళివారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్తమ్మ అందరిలో మా యారాలిని నిలదీసింది. నేను గుమ్మం చాటున పాపను ఎత్తుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు. ఆ తర్వాత పెద్ద వంటేదీ అత్తమ్మ ఆమె చేతికి ఇవ్వలేదు.

ఈ కథంతా ఫోన్లో చెప్పాను. “అది దొంగది కాదు బిడ్డా, భయపడ్డది. భయపడేటట్టు ఎవరు చేసిన్రో ఒక్కసారి చూసుకో” అన్నాను. చాలాసేపు అటునుంచి చప్పుడు లేదు. తర్వాత అడిగింది: “పెద్దమ్మకు ఇప్పటికన్నా చెప్పినవా?”

లేదు. చెప్పలేదు.

పటేల్ షాట్, సంఘం షాట్

మర్నాడు వాళ్ళ మాస్టారు పిల్లలను కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పారట. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983లో మొదలైంది. ఆ సంఘాల్లోని ఆడవాళ్ళు, చాలామంది బడిమొహం చూడని దళిత మహిళలు, కెమెరా పట్టి డాక్యుమెంటరీలు తీశారు. వరంగల్ ప్రాంతంలో బీటీ పత్తి వేసి నష్టపోయిన రైతుల మీద 2003లో వాళ్ళు తీసిన చిత్రం విదేశాల్లోనూ చూపించారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో పెట్టుకుని నడిపింది కూడా ఆ ఆడవాళ్ళే.

కెమెరా కోణాలకు వాళ్ళు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. దొర అరుగుమీద నిలబడి కూలివాళ్ళను చూసే చూపన్నమాట. కింద కూర్చుని తలెత్తి చూస్తే బానిస చూపు. కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్. సంఘంలో అందరూ చాపమీద సమానంగా కూర్చుంటారు గనక!

“నేను నాలుగు రోజులనుంచి పటేల్ షాటే తీస్తున్ననమ్మా” అంది మా అమ్మాయి. నా కడుపు చల్లబడింది.

మళ్ళీ ఒకసారి

సౌండ్ పిల్లను ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చారు. ఐదుగురూ కలిసే ఆ తల్లి దగ్గరికి వెళ్ళారు. తప్పు తనదేనని ఆ పిల్లే చెప్పింది. ఆమె దారం కొరుకుతూ వినిందట. “బట్టలు ఇచ్చేదుంది, పొద్దున ఆరింటికైతే కూర్చుంట” అంది.

ఈసారి పద్ధతి మార్చుకున్నారు. సినిమావాళ్ళు షాటుకు ముందు “సౌండ్?” అని అడుగుతారు. “రోలింగ్” అని జవాబు. “కెమెరా?” “రోలింగ్.” ఆ తర్వాత చప్పట్లు ఒక్కటి కొడతారు, బొమ్మనూ మాటనూ తర్వాత అతకడానికి. మా పిల్లలకు ఇదంతా క్లాసులో చెప్పిందే. నలుగురమే కదా, ఎందుకీ ఆర్భాటమని మానేశారు. నాట్లేసే ఆడవాళ్ళు కూడా ఒకామె వెనకబడితే “ఆగుండ్రి” అని కేకేస్తుంది, పక్కామె చేయి కలిపి వరస సరిచేస్తుంది. ఆ కేక లేకపోతే వరస వంకరే!

ఆమె మళ్ళీ మాట్లాడింది. బాగానే వచ్చింది. కానీ మొదటి రోజు అన్న మాటలన్నీ రాలేదు. అబ్బాయి కళ్ళు తుడుచుకున్న ఆ మాట ఇక ఎక్కడా లేదు. పోయింది పోయినట్టే. అదే రోజు చెప్పి ఉంటే, ఆమె మనసు ఇంకా తడిగా ఉండగానే, మళ్ళీ కూర్చోబెట్టేవాళ్ళేమో.

చివర్లో ఐదు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వేశారు. అన్నం పొట్లాలు తెచ్చిన అబ్బాయి పేరు కూడా.

ఆ పేర్లు చూశాక నాకు నిద్రపట్టలేదు. మిర్యాలగూడలో ఉన్న మా యారాలి దగ్గరికి బస్సెక్కాను. చెప్పేశాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, లేకపోతే తిడుతుందనుకున్నాను. రెండూ కాదు. కాసేపు ఊరుకుని, “అత్తమ్మ ఉన్నప్పుడు చెప్తే బాగుండు కదనే” అంది. అత్తమ్మ పోయి ఆరేళ్ళు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమే లేచి చాయ్ పెట్టింది.

అందుకే చెల్లెళ్ళూ, అక్కయ్యలూ, నలుగురు కలిసి చేసే పని ఏదైనా, పెళ్ళి వంటైనా పొదుపు సంఘం లెక్కలైనా, మూడు సంగతులు గుర్తుంచుకోండి. మీరు చేసిన పని పైకి చెప్పండి. తప్పు జరిగితే సరిదిద్దే వీలున్నప్పుడే చెప్పండి. ఎదుటివాళ్ళు చెప్పినప్పుడు అరుగు దిగి వినండి. మొదటి రెండూ చేయాలంటే మూడోది ఉండాలి. తిడతారని తెలిస్తే ఏ కోడలు నోరు తెరుస్తుంది?

మొన్న సంక్రాంతికి అందరం మా ఇంట్లోనే చేరాం. పులిహోర కలుపుతూ నేను “ఉప్పు వేశా...ను!” అని ఇల్లంతా వినపడేట్టు అరిచాను. “ఎవరికి చెప్తున్నవ్?” అన్నారు మావారు హాల్లోంచి, పేపరు దించి.

పొయ్యి దగ్గర బూరెలు తీస్తున్న మా యారాలు వెనక్కి తిరగకుండానే అంది: “నాకే. ఇన్న.”