పఫిన్ ముక్కున వేలాడే చేపలన్నీ ఒకటేనా?

బొమ్మల పుస్తకంలో పఫిన్ పక్షిని చూసిన ఒక పాప అడిగిన ప్రశ్న ఇది. రంగురంగుల ముక్కు, దానికి అడ్డంగా పది పన్నెండు సన్నటి వెండి చేపలు. "ఇవన్నీ ఒకే రకమా? కాకపోతే ఎలా తెలుస్తుంది?" అంది. చేపల శాస్త్రం చదివినవాళ్లే చాలాకాలం ఈ ప్రశ్న దగ్గర తడబడ్డారు. అందుకని జవాబు కాస్త నింపాదిగా చెప్పుకుందాం.

ముందు అవేం చేపలో చూద్దాం. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల దగ్గర, నార్త్ సీ పొడవునా పఫిన్లు పిల్లల కోసం ఎక్కువగా తెచ్చేవి శాండ్ ఈల్స్. ఇసుక పాముచేపలు అనుకోవచ్చు. పేరులో పాముచేప ఉన్నా నిజానికి ఇవి ఆ కుటుంబం కావు. అసలైన పాముచేపకి వీపు మీది రెక్క, తోక, పొట్ట కింది రెక్క కలిసిపోయి ఒకే అంచులా ఉంటాయి. వీటి తోక విడిగా ఉండి, చివర రెండుగా చీలి ఉంటుంది.

మరి ఒకదానికొకటి ఎందుకంత పోలిక? ఇసుక వల్ల. తడి ఇసుకలోకి పిడికిలి దూర్చి చూడండి, దిగదు. వేలు దూర్చండి, దిగుతుంది. ఈ చేపలు పగలు గుంపులుగా తిరిగి నీటిలో తేలే చిన్నచిన్న జీవుల్ని తింటాయి. రాత్రయినా, భయమేసినా ఇసుకలోకి దూరిపోతాయి. చలికాలంలో ఎక్కువ రోజులు అక్కడే దాక్కుంటాయి. అలా బతకాలంటే ఒళ్లు వేలిలా సన్నగా ఉండాలి, కింది దవడ ముందుకు మొనదేలి ఉండాలి, అడ్డం తగిలే పొట్టరెక్కలు ఉండకూడదు. మిగతా చాలా చేపలకి నీటిలో తేలడానికి ఉండే గాలితిత్తి కూడా వీటికి లేదు. బతుకుతెరువు ఒకటే కనుక రూపమూ ఒకటే అయింది.

తేడా పరిమాణంలో ఉంటుందని ముందుగా తోస్తుంది. నిజమే, పెద్ద జాతి 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, చిన్న జాతులు 20, 25 దగ్గర ఆగిపోతాయి. కానీ పెద్ద జాతి పిల్ల, చిన్న జాతి పెద్దదానంతే ఉంటుంది కదా! స్కేలు పెట్టి కొలిచి లాభం లేదు. నోరు తెరిచి చూడాలి. చిన్న జాతుల పై దవడ గొట్టంలా ముందుకు సాగుతుంది. పెద్ద జాతికి అలా సాగదు. పెద్దదానికి మూతి పక్కన ఒక నల్లమచ్చ కూడా ఉంటుంది. ఆ పెద్దదానికి మచ్చలేని దగ్గరి చుట్టం ఒకటుంది. దానికి 1950లో పెట్టిన శాస్త్రీయ నామం ఇమ్మాక్యులాటస్, అంటే మచ్చలేనిదే.

అసలు చిక్కు చిన్నవాటిలో ఉంది. టోబియానస్, మరైనస్ అని రెండు జాతులు. మొదటిదానికి 1758లో ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టాడు. రెండోదాన్ని వేరుగా గుర్తించి రైట్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టింది 1934లో. మధ్యలో 176 ఏళ్లు! అన్నాళ్లు పట్టడంలో తప్పేమీ లేదు. ఈ రెంటికీ మచ్చ లేదు, రెంటికీ దవడ సాగుతుంది. భూతద్దం పట్టుకుని పొలుసులు చూడాలి. టోబియానస్ పొట్ట మీది పొలుసులు బాణం మొనల్లా వరసలుగా, బిగువుగా అమరి ఉంటాయి. మరైనస్‌కి ఆ వరస వదులుగా, చెదిరినట్టుంటుంది. టోబియానస్ తోక మొదట్లో కూడా పొలుసులుంటాయి, మరైనస్‌కి అక్కడ ఉండవు.

అయినా వలలో పడి పొలుసులు రాలిపోయిన చేప సంగతేమిటి? అప్పుడు వెన్నుపూసలు లెక్కపెడతారు. టోబియానస్‌కి 60 నుంచి 66, మరైనస్‌కి 66 నుంచి 72. సరిగ్గా 66 ఉన్న చేప చేతికొస్తే? ఆ ఒక్క గుర్తూ తేల్చలేదు, ఇంకోటి కావాలి. ఒకే జాతిలో సంఖ్య ఇలా ఎందుకు మారుతుందంటే, ఎన్ని పూసలు ఉండాలో చేప ఇంకా గుడ్డులో రూపు దిద్దుకుంటున్నప్పుడే తేలిపోతుంది. అప్పటి నీటి వేడి, చల్లదనం ఆ లెక్కను కొంత అటూ ఇటూ చేస్తాయి. చాలా చేపల్లో చల్లటి నీళ్లలో పెరిగినవాటికి పూసలు ఎక్కువ ఉంటాయని గమనించారు.

ఇంత శ్రమ అవసరమా అనిపించవచ్చు. మన తీరంలో నెత్తళ్లు అన్న ఒక్క మాట కింద కొన్ని జాతులు కలిసే గంపలోకి వస్తాయి, వంటకి ఆ తేడా అక్కర్లేదు. సముద్రానికి మాత్రం కావాలి. టోబియానస్ ఒడ్డు దగ్గర ఉంటుంది. వాటిలో కొన్ని వసంతంలో, కొన్ని శరత్కాలంలో గుడ్లు పెడతాయి. మరైనస్ ఒడ్డుకి దూరంగా ఉండి నడిచలికాలంలో పెడుతుంది. రెంటినీ ఒకే ఖాతాలో రాస్తే, ఒడ్డున కనిపించే గుంపుల్ని చూసి లోపల తరిగిపోతున్నవాటిని గమనించం. 1980ల చివర షెట్లాండ్‌లో ఇసుక పాముచేపలు చాలక, ఆర్కిటిక్ టెర్న్ పక్షులు వరసగా కొన్నేళ్లు పిల్లల్ని పెంచలేకపోయాయి. ఆకలితో గూళ్లలోనే పోయిన ఆ పిల్లల్ని తలచుకుంటే పూసల లెక్క నాకు చిన్న పనిగా అనిపించదు. చేపపొడికీ నూనెకీ సాగే ఇసుక పాముచేపల వేటను 2024లో ఇంగ్లండ్ వైపు నార్త్ సీలోనూ, స్కాట్లాండ్ జలాలన్నింటిలోనూ ఆపేశారు.

ఇక పాప బొమ్మ దగ్గరికి వద్దాం. పఫిన్ చేపను నడుం దగ్గర పట్టుకుంటుంది కనుక ఇటూ అటూ తలలు, తోకలు వేలాడుతూ కనిపిస్తాయి. ముందు తోక చీలిందా చూడు తల్లీ. తర్వాత భూతద్దం తెచ్చి మూతి పక్కన నల్లచుక్క ఉందేమో వెతుకు. ఉంటే అది పెద్ద జాతి పిల్ల. లేకపోతే అది మచ్చలేని చుట్టమో, టోబియానసో, మరైనసో ఆ బొమ్మ చెప్పలేదు. ఆ సంగతి తేలాలంటే చేప చేతికి రావాలి. అందుకే స్కాట్లాండ్ తూర్పు తీరంలోని ఐల్ ఆఫ్ మే దీవిలో పరిశోధకులు, పఫిన్లు జారవిడిచిన చేపల్ని దశాబ్దాలుగా ఏరి, ఒక్కొక్కటే కొలుస్తున్నారు.