ఇంటి మూగజీవికి తుది వీడ్కోలు

దిల్‌సుఖ్‌నగర్, లాల్‌బహదూర్‌నగర్ ప్రాంతములు ఒకప్పుడు తోటలును పొలములును గల హైదరాబాదు శివారులు. ఆనాడు ఇంటి కుక్క చనిపోయినచో పెరటిమూలను గొయ్యి తీసి పాతిపెట్టి, పైన ఒక మొక్క నాటెడివారు. నేడు చైతన్యపురి మొదలు వనస్థలిపురము వరకు అంతస్తుల మేడలే. పెరడు పోయినది, కుక్కను, పిల్లిని పెంచుకొను ముచ్చట మాత్రము పెరిగినది. కావున ఆ జీవి కన్నుమూసిన దినమున ఏమి చేయవలెనో తోచక ఇంటిల్లిపాదియు కలవరపడుచున్నారు.

మా యింట పదమూడేండ్లు మెలగిన కుక్క ఒక వేసవి తెల్లవారుజామున మరణించినది. ఆ దుఃఖములో దహనమైతే చేయించితిమి గాని, ఒక్క మాట అడుగుట మరచితిమి. మరునాడు అస్థికల కొరకు పోగా, అనేక జంతువులతో కలిపి దహించితిమనియు, వేరుచేసి యిచ్చుట సాధ్యము కాదనియు చెప్పిరి. వారి తప్పు లేదు, అడుగనిది మేము. మా పిల్లవాడు సిద్ధము చేసియుంచిన చిన్న మట్టికుండ ఖాళీగా మిగిలినది. అట్టి కొరత మరియొక ఇంటికి కలుగరాదనియే ఈ నాలుగు మాటలు.

మొదట దేహమును గూర్చి. ప్రాణము పోయిన రెండు మూడు గంటలకే అవయవములు బిగిసికొనును. అంతకు పూర్వమే కాళ్ళను మెల్లగా ముడిచి, నూలుగుడ్డలో చుట్టి, చల్లని చోట ఉంచవలెను. వేసవి యైనచో చుట్టును మంచుగడ్డలు పేర్చుట మేలు. మెడపట్టీని, ప్లాస్టికు వస్తువులను తీసివేయవలెను. పిచ్చికుక్క వ్యాధి యేమోనను అనుమానమున్నచో దేహమును తాకక, వెంటనే పశువైద్యునికి తెలుపవలెను.

ఖాళీ స్థలములలోను, చెరువు గట్లమీదను పాతిపెట్టుట మంచిది కాదు. లోతు చాలని గోతులను వీధికుక్కలు త్రవ్వును. వానలకు మాలిన్యము నీటిలో చేరును. సరూర్‌నగరు చెరువు వంటివి ఇప్పటికే పడుచున్న బాధ చాలును. నొప్పి తీర్చుటకై మందు ఇచ్చి శాంతముగా పంపిన జంతువు దేహములో ఆ మందు నిలిచియుండును. దానిని తిన్న ఇతర జీవులకు ప్రాణాపాయము. ఈ కారణములచేత నగరవాసులకు దహనమే తగిన మార్గము. నాగోలు చేరువనున్న ఫతుల్లాగూడలో నగరపాలక సంస్థ ఏర్పరచిన, గ్యాసుతో పనిచేయు జంతు దహనవాటిక కలదు. బయలుదేరుటకు ముందుగా వేళలను, రుసుమును ఫోనులో కనుగొనుట మంచిది.

దహనము రెండు విధములు. ఒకటి సామూహికము; అందు అస్థికలు తిరిగి రావు. రెండవది ప్రత్యేకము, కొలిమిలో ఒక్క జీవినే ఉంచుదురు. ‘మా జంతువును ఒంటిగా దహింతురా? అస్థికలు మాకే యిత్తురా? ఎప్పుడు?’ అను మూడు ప్రశ్నలను ముందే అడుగవలెను. మేము అడుగనివి ఇవియే.

సుమారు ఎనిమిదివందల డిగ్రీల సెంటిగ్రేడును మించిన వేడిలో మాంసాదులు దహించిపోయి, ఎముకలలోని ఖనిజభాగము మాత్రము మిగులును. అందు ముఖ్యమైనది కాల్షియం ఫాస్ఫేటు. దానిని చల్లార్చి పొడిచేసి యిత్తురు. అస్థికలశము కొనువారు దాని పరిమాణమునకై తికమక పడనక్కరలేదు. జంతువు బరువులో కిలో ఒకటికి నలుబది మిల్లీలీటర్ల చోటు చాలును. నాలుగు కిలోల పిల్లికి 160 మిల్లీలీటర్లు, పది కిలోల కుక్కకు 400, ముప్పది కిలోల పెద్దకుక్కకు లీటరుంబావు పట్టు పాత్ర సరిపోవును.

ఇంట దాచుకొనువారికి మూత బిగువుగల రాగి, ఇత్తడి లేక కొయ్య పాత్ర మేలు. మట్టిలో కలుపగోరువారికి కాల్చని మట్టిపాత్ర చాలును. అయితే అస్థికల పొడిలో లవణములు, క్షారము హెచ్చు. అందులో నేరుగా మొక్క నాటినచో అది వాడిపోవును. మంచి మన్నును, ఎరువును అనేక రెట్లు కలుపవలెను. కలశమును ఆనాడే ఎన్నుకొనవలెనను నియమము లేదు. అస్థికలు చెడునవి కావు. మనసు కుదుటపడిన పిమ్మట ఇంటివారందరును, పిల్లలతో సహా, కూర్చుండి నిర్ణయించుకొనవచ్చును.

‘కుక్కకింత తతంగమా?’ అని నవ్వువారుందురు. కర్ణాటకములోని ఆతకూరులో సుమారు క్రీ.శ. 950 నాటి శిలాశాసనమొకటి దొరకినది. అడవిపందితో పోరి మరణించిన ‘కాళి’ యను వేటకుక్కకు దాని యజమాని నిలిపిన స్మారకము అది. ఆ శిలపూజకై భూమిని కూడ ఇచ్చిరి. వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజు కథ మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. తోడుగా బ్రతికిన జీవిని గౌరవముతో సాగనంపుట మనకు క్రొత్త కాదు.

మా యింటి మట్టికుండలో నేడు ఆ కుక్క మెడపట్టీ యున్నది. అస్థికలు లేకున్నను జ్ఞాపకమునకు లోటు లేదు. అయినను ఆ ఒక్క మాట అడిగియుండిన బాగుండెడిదని పిల్లవాడు ఇప్పటికిని అనుచునే యుండును.