మీకు తెలుసా? నూటపదహారు గుర్రాల బుల్లి కారు

లోకంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఫెరారీదీ కాదు, పోర్షేదీ కాదు. జపాన్‌లోని హిరోషిమాలో తయారయ్యే మజ్దా ఎంఎక్స్-5. అమెరికాలో దీన్ని మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో తొలిసారి జనం ముందుకొచ్చింది. 2000లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు బయటికొచ్చింది. అమెరికాలో అమ్మిన మొదటి మోడల్ ఇంజిన్ శక్తి 116 హార్స్‌పవర్, అచ్చంగా మన నూటపదహార్లు! అప్పటి ధర 13,800 డాలర్ల దగ్గర మొదలైంది. బరువు టన్ను కూడా లేదు. బరువు లేదు కాబట్టే ఆ మాత్రం ఇంజిన్ సరిపోయింది.

ఈ కారుకు బీజం వేసింది ఒక పాత్రికేయుడు. కార్ల గురించి రాసే బాబ్ హాల్ అనే అమెరికన్ 1979లో మజ్దాలో పరిశోధన విభాగం చూస్తున్న కెనిచి యమమోటోను కలిసినప్పుడు, పాత బ్రిటిష్ రోడ్‌స్టర్ల లాంటి తేలికైన, టాప్ లేని చిన్న కారు ఇప్పుడెవరూ చేయడం లేదు, మీరు చేయండి అన్నాడు. తర్వాత ఆయనే మజ్దాలో ఉద్యోగంలో చేరాడు. ఇంజిన్ ముందుండి వెనక చక్రాలు తిరిగే కారు కావాలని కాలిఫోర్నియా బృందం పట్టుబట్టింది. జపాన్‌లోని బృందాలు వేరే నమూనాలు గీశాయి. 1984లో కాలిఫోర్నియా వాళ్ల మాటే నెగ్గింది. మరుసటేడు ఇంగ్లండ్‌లో ఒక నమూనా కారు కట్టించి, శాంటా బార్బరా వీధుల్లో నడిపి చూశారు. దారిన పోయేవాళ్లు కార్లు వెనక్కి తిప్పి మరీ దాన్ని వెంబడించారు. ఏ సర్వే ఇచ్చేదండీ అంతటి భరోసా!

పానా పట్టిన యజమానులు

స్పోర్ట్స్ కార్లున్నవాళ్లు ఒకచోట చేరితే వేగం గురించే మాట్లాడుకుంటారని బయటివాళ్లు అనుకుంటారు. మియాటా వాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటే మొదట వినబడేది నీళ్ల మాట. ఈ కారు టాప్ బట్టతో చేసింది. దాని మీద పడ్డ వాన వెనక అంచునున్న చిన్న తూములోకి జారి, సీటు బెల్టు స్తంభాల వెనకున్న రెండు రంధ్రాల గుండా గొట్టాల్లోకి దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు నేల మీద పడాలి. ఎండుటాకులు, దుమ్ము చేరి ఆ రంధ్రాలు పూడుకుపోతే నీళ్లకు దారి ఉండదు. కొన్ని పొంగి సీటు కింద కార్పెట్‌లోకి వస్తాయి. ఇంకొన్ని తలుపు కింద ఉండే ఇనుప పెట్టెలోకి చేరి అక్కడే నిలిచి, లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. బయటి రంగు మీద బుడగ కనబడేసరికి లోపల ఇనుము సగం పోయి ఉంటుంది.

దీనికి మందు ఖరీదైనది కాదు. గడ్డి కోసే యంత్రంలో వాడే మెత్తటి నైలాన్ తీగ కొద్దిగా తీసుకుని, రంధ్రంలోంచి కిందికి నెమ్మదిగా ఆడించాలి. పైనుంచి గ్లాసెడు నీళ్లు పోస్తే రెండు పక్కలా కిందికి ధార రావాలి. గట్టి ఇనుప తీగ మాత్రం పెట్టకూడదు. గొట్టానికి చిల్లు పడితే నీళ్లు నేరుగా బాడీలోకి దిగుతాయి. ఇలాంటి సంగతి కొత్తగా కొన్నవాళ్లకు పాతవాళ్లు చెబితేనే తెలుస్తుంది. ముప్పై ఏళ్లు దాటిన కార్లు ఇంకా వేల సంఖ్యలో నడుస్తున్నాయంటే, కంపెనీ గట్టితనానికి ఎంత పేరివ్వాలో ఈ చెప్పుకోవడానికీ అంత ఇవ్వాలని నా నమ్మకం.

మొదటి తరం కారు కొనబోయేవాళ్లు బానెట్ ఎత్తి ముందుగా ఏం లెక్కపెడతారో ఊహించగలరా? ఇంజిన్ ముందు భాగంలో అడుగున తిరిగే క్రాంక్ పుల్లీకి ఉన్న గాళ్లను. నాలుగు గాళ్లుంటే అది 1991 మధ్య వరకూ వచ్చిన పాత రకం క్రాంక్ షాఫ్ట్. దాని ముక్కు పొట్టిగా ఉండేది. బెల్టు మార్చినప్పుడు బోల్టు సరిగా బిగించకపోతే పుల్లీ సన్నగా ఊగి, దాన్ని పట్టి ఉంచే తాళం గాడి అరిగిపోయేది. ఎనిమిది గాళ్లుంటే ముక్కు పొడుగు చేసిన కొత్త రకం, ఆ బెంగ లేదు. అరిగిన షాఫ్ట్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి. అంత ఖర్చు పెట్టలేని యజమానులు లోహాన్ని లోహానికి అతికించే లాక్‌టైట్ పదార్థంతో ఆ ఖాళీని పూడ్చి, కారును మళ్లీ రోడ్డెక్కించే పద్ధతి కనిపెట్టారు. అది ఒకరి నుంచి ఒకరికి పాకి వందల ఇంజిన్లకు ఆయుష్షు పోసింది.

ఈ మొదటి తరం ఇంజిన్‌లో ఇంకో మంచి గుణం ఉంది. టైమింగ్ బెల్టు దారిలో తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే ఇంజిన్ పోయినట్టే. ఇక్కడ కొత్త బెల్టు వేసుకుని బయల్దేరవచ్చు.

ఈ తరం కారులో బ్యాటరీ బానెట్ కింద ఉండదు, డిక్కీలో కుడి మూలన ఉంటుంది. మామూలు బ్యాటరీ తెచ్చి పెడితే దాని ఆవిర్లు డిక్కీ అడుగును తినేస్తాయి. గాలి గొట్టాలు తగిలించే సీల్డు బ్యాటరీయే పెట్టాలి.

ఈ తరం కారుకున్న పైకి లేచే హెడ్‌లైటు ఒకటి రాత్రి దారిలో మొరాయిస్తే? మోటారు మీద రబ్బరు మూత కింద చిన్న పిడి ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పుతూ పోతే లైటు లేస్తుంది.

పాత మోడల్ టాప్‌కు వెనక కిటికీ ప్లాస్టిక్‌ది. టాప్ దించే ముందు జిప్పు తీసి కిటికీని సమంగా పరచాలి. చలిలో తొందరపడి మడిస్తే పెళుసుగా విరుగుతుంది. తర్వాతి తరంలో గాజు వచ్చింది.

పాత కారుకు కంపెనీయే మరమ్మతు చేసి పెడితే ఎలా ఉంటుంది? మజ్దా జపాన్‌లో అది చేసి చూపింది. 2017లో ప్రకటించి, మరుసటేడు మొదటి తరం ఎంఎక్స్-5లను పూర్తిగా విప్పి కొత్తగా కట్టే పని మొదలుపెట్టింది. దానికోసం తయారీ ఆగిపోయిన విడిభాగాలను తిరిగి చేయించింది. బట్ట టాప్, నార్డీ కంపెనీ చెక్క స్టీరింగ్, అల్యూమినియం చక్రాలు మళ్లీ వచ్చాయి. అప్పట్లో ఆ కారుతో వచ్చిన బ్రిడ్జ్‌స్టోన్ టైరును కూడా అదే సైజులో మళ్లీ చేయించింది. ముప్పై ఏళ్ల కిందటి టైరును మళ్లీ పుట్టించిన కంపెనీకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

మార్పుల ముచ్చట

పొడుగుమనుషులకు ఈ కారులో తల టాప్‌కు తగులుతుంది. వాళ్లు సీటు కవరు విప్పి, అడుగున ఉన్న స్పాంజిని కత్తితో కొంత చెక్కేసి మళ్లీ కుట్టేస్తారు. రెండు అంగుళాలు కిందికి దిగితే చాలు, లోకం విశాలమవుతుంది! పైసా ఖర్చు లేని మార్పు ఇదొక్కటే.

రెండోది ప్రాణానికి సంబంధించింది. టాప్ లేని కారు బోల్తా పడితే తలను కాపాడడానికి సీట్ల వెనక ఉక్కు రోల్ బార్ బిగిస్తారు. రేసు ట్రాకు మీదికి వెళ్లేవాళ్లకు చాలాచోట్ల అది ఉండి తీరాలి.

ఆ తర్వాత రుచులు చీలిపోతాయి. టర్బో పెట్టేవాళ్లున్నారు. అమెరికాలో పెద్ద వి8 ఇంజిన్ ఇరికించినవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే మొదటి రూపాయి మంచి టైర్లకు, రెండోది చక్రాల అలైన్‌మెంటుకు, మూడోది అరిగిన షాక్ అబ్జార్బర్లకు, సస్పెన్షన్‌లోని పాత రబ్బరు బుష్షులకు పోవాలి. అందం కోసం పెద్ద, బరువైన చక్రాలు వేస్తే ఈ కారుకున్న ఒకే ఒక్క ఆస్తి, తేలికదనం, చేతులారా పోగొట్టుకున్నట్టే.

మనదేశంలో ఇలాంటి సరదా ఎంతవరకు చెల్లుతుందో చూడండి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. జర్మనీలో దారి వేరు. మార్చవచ్చు, కానీ చాలా మార్పులను అధీకృత నిపుణుడు పరీక్షించాలి, పత్రాల్లోకి ఎక్కించాలి. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, ఆపైన రెండేళ్లకోసారి తప్పనిసరి తనిఖీ ఉంటుంది. పరీక్షించి ఒప్పుకునే పద్ధతి మనకూ వస్తే మంచి మెకానిక్‌ల చేతికి గౌరవమైన పని దొరుకుతుంది.

దారులు

మజ్దా మనదేశంలో కార్లు అమ్మడం లేదు. అందుకే మియాటాను తెలుగువాళ్లు చూసేది ఎక్కువగా అమెరికాలో. షార్లెట్, అట్లాంటాల్లో ఉన్నవాళ్లకు అక్టోబరు ఆకుల రంగుల కోసం వెళ్లే బ్లూ రిడ్జ్ పార్క్‌వే తెలిసే ఉంటుంది. 469 మైళ్ల కొండదారి అది. 1935లో పని మొదలైతే, గ్రాండ్‌ఫాదర్ కొండను గాయపరచకుండా దాని నడుం చుట్టూ కట్టిన లిన్ కోవ్ వంతెనతో 1987లో పూర్తయింది. లారీలకు ప్రవేశం లేదు. ఎక్కువ చోట్ల వేగం గంటకు 45 మైళ్లు మించకూడదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఈ దారిని చాలాచోట్ల కోసేసింది. బయల్దేరే ముందు ఏ ముక్క తెరిచి ఉందో చూసుకోవాలి.

అక్కడికి పడమరగా, నార్త్ కరొలైనా, టెనెసీ సరిహద్దులో డీల్స్ గ్యాప్ ఉంది. 11 మైళ్లలో 318 మలుపులు. ఆ దారికి టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అని పేరు. ఆ పదకొండు మైళ్లలో పక్కనుంచి వచ్చి కలిసే రోడ్డు ఒక్కటీ లేదు. అక్కడ పడిపోయిన మోటారు సైకిళ్ల ముక్కలు వేలాడదీసిన చెట్టొకటి ఉంది. దాన్ని సిగ్గుచెట్టు అంటారు. వేగపరిమితి గంటకు 30 మైళ్లు. ఆ వేగంలోనే మియాటా చేతులకు, కాళ్లకు నిండా పని పెడుతుంది. అయిదారు వందల గుర్రాల కారుకు ఆ మలుపుల్లో ఊపిరి తీసుకునే చోటే దొరకదు.

జపాన్‌లో హకొనే కొండల మీది టోల్ రోడ్డు 2014 నుంచి 2018 వరకూ మజ్దా పేరుతోనే ఉండేది. రోడ్డుకు పేరు పెట్టుకునే హక్కు కంపెనీ కొనుక్కుంది.

గుంపుగా వెళ్లేటప్పుడు ఒక పద్ధతి పాటిస్తారు. ప్రతివాళ్లూ తమ వెనక కారును అద్దంలో చూసుకోవాలి. రోడ్డు చీలే చోట, వెనకున్నవాళ్లు తాము తిరిగిన వైపు చూశారని తేలేదాకా ఆగాలి. అలా అయితే ముందున్నవాళ్లను పట్టుకోవాలని చివరివాళ్లు పరుగెత్తనక్కర్లేదు. కుటుంబాలన్నీ కలిసి అరకు వెళ్లేటప్పుడు మనం కూడా ఇది పాటించవచ్చు.

ఘాట్ దిగేవాళ్లెవరికైనా పనికొచ్చే సంగతి ఇంకొకటి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. వరసగా బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడికి ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. కొండదారుల్లో తిరిగే మియాటా వాళ్లు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చేది అందుకే. మారేడుమిల్లి ఘాట్ అయినా శ్రీశైలం ఘాట్ అయినా, ఎక్కిన గేరులోనే దిగాలని మన పాత డ్రైవర్లు చెప్పేదీ బ్రేకుల మీద ఆ వేడి పడకుండా ఉండడానికే. మీ కారులో ఆయిల్ మార్చి రెండేళ్లు దాటిందేమో, ఘాట్ ఎక్కే ముందే మెకానిక్‌ను అడగండి.