ఈ ఫంక్షన్‌ని పిలిచేదెవరు?

పాత సీ ప్రోగ్రాంలో ఒక ఫంక్షన్‌ని మార్చాలంటే నాకు చెయ్యాడదు. దాన్ని ఎక్కడెక్కడ పిలుస్తున్నారో తెలుసుకోకుండా వేలు పెడితే, ఇక్కడ సరిచేసింది ఇంకెక్కడో తెగుతుంది.

మొదట అందరి చెయ్యీ గ్రెప్ మీదికే పోతుంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ఈ కమాండ్ 1973లో యూనిక్స్ నాలుగో ఎడిషన్‌తో వచ్చింది. దానికి అక్షరాలే తప్ప అర్థం తెలియదు. 'రీడ్' అని వెతకమంటే, స్పెల్లింగులో ఆ నాలుగక్షరాలూ ఉన్నాయి కాబట్టి 'థ్రెడ్'నీ, కామెంట్లలోని 'ఆల్రెడీ'నీ మూటగట్టి తెస్తుంది. పూర్తి పదమే కావాలని డ్యాష్ డబ్ల్యూ చేర్చినా, అది పిలుపో, నిర్వచనమో, ఉత్త కామెంటో మనమే కళ్ళతో ఏరుకోవాలి.

ఆ ఏరుడు బాధ తప్పించినవారు అదే బెల్ ల్యాబ్స్‌లోని జో స్టెఫెన్. పీడీపీ-11 యంత్రాల రోజుల్లో ఆయన సీస్కోప్ అనే ప్రోగ్రాం రాశారు. కిటుకు సులువైనదే, కానీ నాకెంతో ఇష్టం: అడిగినప్పుడల్లా ఫైళ్ళన్నీ తిరగెయ్యదు. ఒక్కసారి చదివి, పుస్తకం చివర పదసూచికలా 'సీస్కోప్.అవుట్' అనే ఫైలు కట్టుకుంటుంది. తర్వాత మారిన ఫైళ్ళనే మళ్ళీ చదువుతుంది.

ఏళ్ళ తరబడి ఏటీ అండ్ టీ యూనిక్స్‌తో నడిచిన దీని కోడ్‌ను 2000 ఏప్రిల్‌లో ఎస్‌సీఓ కంపెనీ బీఎస్‌డీ లైసెన్సు కింద అందరికీ వదిలింది. ఇక్కడ ఆరంగ్ అనే ఊళ్ళో కూర్చుని, నెట్ లేని సాయంత్రం కూడా నేను దాన్ని వాడుకుంటున్నానంటే ఆ పుణ్యమే. 'సీస్కోప్ డ్యాష్ డి డ్యాష్ ఎల్3' అని కొట్టి ఫంక్షన్ పేరు ఇస్తే, ఒక్కో పిలుపుకీ ఒక్కో వరుస వస్తుంది: ఫైలు పేరు, పిలిచిన ఫంక్షన్, లైను నంబరు, ఆ లైను. ఆ 3 అంటే 'దీన్ని పిలిచేవాళ్ళు'. 2 అయితే 'ఇది ఎవరిని పిలుస్తుందో వాళ్ళు'.

ఒక్కచోట మాత్రం ఇది తప్పిపోతుంది. ఫంక్షన్ చిరునామాను పాయింటర్‌లో దాచి, ఆ పాయింటర్ ద్వారా పిలిస్తే, పిలిచేచోట అసలు పేరే కనపడదు. లినక్స్ కెర్నల్‌లో ఇలాంటివి కోకొల్లలు. అందుకే 3 ఖాళీగా వచ్చినా ఆ ఫంక్షన్‌ని తీసెయ్యను. 0 పెట్టి పేరును సింబల్‌గా వెతుకుతాను. ఏదో స్ట్రక్చర్‌లోని గడికి ఆ పేరును అప్పగించిన లైను బయటపడుతుంది. ఇక ఆ గడి పేరు పట్టుకుని మళ్ళీ వెతుకులాట మొదలు.