శీతకాలమున నాలుగు రాజధానులు

జర్మనీ దేశమందలి విశ్వవిద్యాలయములకు డిసెంబరు నెల చివర క్రిస్మసు పండుగ నిమిత్తము ఇంచుమించు రెండు వారముల సెలవు లభించును. అచ్చట చదువుకొను భారతీయ విద్యార్థులలో తెలుగువారును పెక్కుమంది కలరు. ఈ కొలది దినములకై స్వదేశమునకు వచ్చి పోవుట అందరికిని సాధ్యము కాదు. విమానపు వ్యయము అధికము, కాలము స్వల్పము. కావున నలుగురైదుగురు మిత్రులు కూడి, తలకొక సంచి వీపున తగిలించుకొని, పొరుగు దేశముల నగరములను చూచుటకు రైలుబండిలో బయలుదేరుదురు. అట్టి యాత్రకు మిక్కిలి అనువైన మార్గ మొకటి కలదు. అది డ్రెస్డెన్ నగరమున మొదలై ప్రాగు, వియన్నా, బ్రాటిస్లావాల మీదుగా బుడాపెస్టు చేరును. నాలుగు దేశములు, నాలుగు రాజధానులు. రైలులో గడపవలసిన కాలమంతయు కూడినను ఇంచుమించు పది గంటలే.

చలికాలపు యాత్ర అనగానే పలువురు చలిని గూర్చియే భయపడుదురు. కాని యాత్రికులను ఎక్కువగా ఇబ్బంది పెట్టునది చీకటి. హైదరాబాదు నగరము భూమధ్యరేఖకు ఉత్తరమున 17 డిగ్రీల అక్షాంశమున నున్నది. వియన్నా 48 డిగ్రీలకు పైన నున్నది. భూమి అక్షము ఇరువది మూడున్నర డిగ్రీలు వంగియుండుటచే డిసెంబరు మాసమున ఉత్తరార్ధగోళము సూర్యునకు పెడగా తిరిగియుండును. అందుచే డిసెంబరు 21 ప్రాంతమున హైదరాబాదులో పగలు పదునొకండు గంటలుండగా, వియన్నాలో ఎనిమిది గంటల ఇరువది నిముషములు మాత్రమే యుండును. ఉదయము ఏడుముప్పావు వేళ ఉదయించిన సూర్యుడు సాయంకాలము నాలుగు గంటలకే అస్తమించును. నడిమధ్యాహ్నమున సైతము అతడు దిగంతమునకు 18 డిగ్రీల ఎత్తునకు మించి పైకి రాడు. సెలవు గదా యని పదిగంటలవరకు దుప్పటి వీడని మిత్రుడు ఆనాటి వెలుతురులో నాల్గవ వంతును పోగొట్టుకొనినట్లే. తెలిసినవారు వీథులను, వంతెనలను, కోటలను ఉదయము చూచి, చీకటిపడు వేళకు చిత్రశాలలను చేరుదురు.

ఇక చలి సంగతి. మిక్కిలి మందమైన కోటు ఒక్కటి ధరించుటకంటె పలుచని వస్త్రములను మూడు వరుసలుగా ధరించుట మేలు. వస్త్రముల నడుమ చిక్కుకొనిన గాలి వేడిని త్వరగా బయటకు పోనీయదు. పైగా అచ్చటి ఇండ్లును, రైళ్లును, దుకాణములును లోపల వెచ్చగా నుండును గనుక, లోనికి పోయినప్పుడెల్ల ఒక వరుసను తీసివేయుటకు వీలుండవలెను. సెల్‌ఫోనులోని బ్యాటరీ చలికి త్వరగా నీరసించును. టికెట్టును, పటమును, బసయొక్క చిరునామాను ఆ ఒక్క ఫోనులోనే దాచుకొనినవాని పాట్లు చెప్పనలవికాదు.

మిత్రబృందమునకు డబ్బు లెక్కలు మరియొక చిక్కు. ఆస్ట్రియా, స్లొవేకియా దేశములలో యూరో చెల్లును. చెక్ దేశమున కొరునా, హంగేరీలో ఫోరింటు చెలామణి యగును. ఒకరు టికెట్టులు కొని, మరియొకరు భోజనమునకు చెల్లించి, వేరొకరు బసకు ఇచ్చినచో, మూడవనాటికే ఎవరు ఎవరికి ఎంత బాకీయో ఎవరికిని తెలియదు. ఒకరిని కోశాధికారిగా నియమించి, ప్రతి రాత్రియు లెక్క వ్రాసికొనువారి స్నేహము తిరుగు ప్రయాణమువరకు చెక్కు చెదరక నిలుచుచున్నది.

డ్రెస్డెను నుండి ప్రాగునకు రైలు ఎల్బే నదిలోయ వెంబడి సాగును. ప్రాగు నగరమున జనసమ్మర్దము మెండు. 1357వ సంవత్సరమున నిర్మాణము ప్రారంభమైన చార్లెస్ వంతెన 516 మీటర్ల పొడవు గలది. దానిపై తెల్లవారకముందే నడువవలెను. తరువాత మనుజుల తలలు తప్ప మరేమియు కానరావు. పురాతన నగర భవనపు గోడమీద 1410 నాటి ఖగోళ గడియారము నేటికిని సూర్యచంద్రుల గమనమును చూపుచున్నది.

ప్రాగు నుండి నాలుగు గంటలలో వియన్నా చేరవచ్చును. అచ్చటి భూగర్భ రైలుస్టేషనులలో టికెట్టు చూపిన గాని తెరచుకొనని అడ్డుగేటు లుండవు. ఎవరును ఆపలేదుగదా యని లోనికి పోయినవారు ఎప్పుడైన తనిఖీలో పట్టుబడినచో నూరు యూరోలకు పైబడిన జుల్మానా చెల్లింపవలసివచ్చును. టికెట్టు కొని, యంత్రమున ముద్ర వేయించుట మరచినను అంతే. క్రిస్మసు ముందు వారములలో నగర భవనము ఎదుటను, ఇతర కూడళ్లయందును అంగళ్లు వెలయును. కాల్చిన చెస్ట్‌నట్ కాయలు, మసాలాలతో కాచిన వెచ్చని పానీయములు అమ్ముదురు. అయితే డిసెంబరు 24 సాయంకాలమునకే దుకాణములు మూయబడును. మరునాటి ఆహారమును ముందుగా కొనిపెట్టుకొనని బృందము పండుగనాడు పస్తుండు ప్రమాదము కలదు.

వియన్నాలోని కళాచరిత్ర మ్యూజియము 1891లో ప్రారంభింపబడినది. పీటర్ బ్రూగెల్ 1565లో వ్రాసిన 'మంచులో వేటగాండ్రు' అను చిత్రము అందు కలదు. వేటగాండ్రు కుక్కలతో కూడి, తలలు వంచుకొని మంచులో ఇంటిదారి పట్టిరి. అంత వేటకు వారికి దొరికినది ఒక్క నక్క! దిగువన గడ్డకట్టిన చెరువులపై జనులు జారుచు ఆడుకొనుచున్నారు. వెలుపలి చలిలో కాలివ్రేళ్లు కొంకరలు పోయి వచ్చినవారికి ఆ చిత్రము చక్కగా బోధపడును.

వియన్నా, బ్రాటిస్లావాల నడుమ దూరము సుమారు 60 కిలోమీటర్లు. రోము, వాటికన్‌లను విడిచినచో, ఐరోపాలో ఇంత చేరువగానున్న రాజధానులు వేరే లేవు. రైలు ఒక్క గంటలో చేరును. మిత్రులు మాటలలో పడి సరిహద్దు ఎప్పుడు దాటినదియు గమనింపరు. కాని ఈ గంట ప్రయాణము ఒక తరమువారికి ప్రాణములతో చెలగాటమై యుండెను.

1948లో చెకొస్లొవేకియా కమ్యూనిస్టుల పాలనలోనికి వచ్చిన పిదప ఆస్ట్రియా సరిహద్దున ముళ్లతీగల కంచెలును, కావలి గోపురములును లేచినవి. బ్రాటిస్లావాకు చేరువనే మొరావా నది డాన్యూబులో కలియుచోట డేవిన్ దుర్గము కలదు. ఆ కొండమీద నిలిచినచో నదికి ఆవలి ఒడ్డున ఆస్ట్రియా పొలములు కన్నుల కగుపించును. ఆ సన్నని నదిని ఈదబోయి తుపాకులకు బలియైనవారు కలరు. సరిహద్దు దాటబోయి మరణించినవారి స్మారకము నేడు ఆ దుర్గము క్రింద నదీతీరమున నున్నది. 1989 ఆగస్టు 19న హంగేరీలోని షొప్రొన్ వద్ద సరిహద్దు ద్వారము కొంతసేపు తెరువగా, ఆరువందలకు పైగా తూర్పు జర్మనులు ఆస్ట్రియాలోనికి పరుగెత్తిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 10న, గడ్డకట్టు చలిలో, బ్రాటిస్లావా పౌరులు వేలాదిగా కాలినడకన బయలుదేరి ఆస్ట్రియాలోని హైన్‌బుర్గు పట్టణమునకు పోయిరి. పలువురికి అదియే సరిహద్దు దాటిన మొదటి దినము.

తనిఖీలు తొలగుటకు మరికొంత కాలము పట్టెను. లక్సెంబర్గు దేశమున షెంగెన్ అను చిన్న గ్రామమువద్ద 1985 జూన్ 14న ఐదు దేశములు ఒక ఒడంబడికపై సంతకము చేసినవి. అది 1995లో అమలులోనికి వచ్చెను. చెక్, స్లొవేకియా, హంగేరీ దేశములు 2007 డిసెంబరు 21న అందు చేరినవి. 2025 జనవరి నాటికి ఆ కూటమిలోని దేశముల సంఖ్య 29 ఆయెను. జర్మనీ నివాసానుమతి గల విదేశ విద్యార్థి, ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించకుండ ఇతర షెంగెన్ దేశములలో వేరు వీసా లేకయే తిరుగవచ్చును. ఒక్క సెలవులో నాలుగు రాజధానులు చూచుట ఈ ఏర్పాటువలననే సాధ్యమగుచున్నది.

బ్రాటిస్లావాను జర్మనులు ప్రెస్‌బుర్గనియు, హంగేరీయులు పొజొనియనియు పిలుతురు. 1563 నుండి 1830 వరకు హంగేరీ రాజుల పట్టాభిషేకములు ఇచ్చటి సెయింట్ మార్టిన్ చర్చిలోనే జరిగినవి. పాతనగరము చిన్నది, ఒక్క పూటలో చూడవచ్చును.

అచ్చటినుండి రెండున్నర గంటలలో బుడాపెస్టు. డాన్యూబునది పొడవు సుమారు 2,850 కిలోమీటర్లు. అనగా మన గోదావరికి ఇంచుమించు రెండింతలు. దానికి ఒక గట్టున కొండలపై బుడా, మరియొక గట్టున మైదానమున పెస్టు. ఈ రెండును ఓబుడాతో కలిసి 1873లో ఒకే నగరమైనవి. 1849లో తెరువబడిన గొలుసు వంతెన వీనిని కలిపెను. 1945 జనవరిలో జర్మను సైన్యము వెనుకకు తగ్గుచు దానిని పేల్చివేయగా, తిరిగి 1949లో నిర్మించిరి. 1896 నాటి ఇచ్చటి భూగర్భ రైలు ఐరోపా ప్రధాన భూభాగమున మొట్టమొదటిది. పచ్చబంగారు రంగు గల ఆ చిన్న పెట్టెలు నేటికిని నడుచుచున్నవి.

పార్లమెంటు భవనమునకు చేరువగా గట్టు అంచున అరువది జతల ఇనుప పాదరక్షలు బిగింపబడియున్నవి. పురుషులవి, స్త్రీలవి, చిన్నపిల్లలవి. 1944–45 శీతకాలమున యారో క్రాస్ అను ఫాసిస్టు పక్షమువారు యూదులను ఈ గట్టునకు తెచ్చి, పాదరక్షలు విప్పించి, కాల్చి నదిలో పడవైచిరి. పాదరక్షలకు ఆ యుద్ధకాలమున వెల కలదు, మనుష్యులకు లేకపోయెను. ఈ స్మారకము 2005లో వెలసినది. శీతకాలమున ఆ ఇనుప జోళ్లలో మంచు నిండియుండును. ఎంత గలగల మాటలాడు బృందమైనను అచ్చట మౌనము వహించును.

బుడాపెస్టు నేల క్రింద భూమి పైపొర సాపేక్షముగా పలుచన. సున్నపురాతి పగుళ్లలో ఇంకిన వాననీరు లోతున వేడెక్కి, డాన్యూబు వెంబడి పైకి ఉబుకును. నగరమున నూటికి పైగా వేడినీటి ఊటలున్నవి. 1541 నుండి 1686 వరకు బుడాను ఏలిన తురుష్కులు కట్టిన స్నానశాలలు కొన్ని నేటికిని వాడుకలో నున్నవి. 1913లో తెరువబడిన సేచెన్యీ స్నానశాలయందు ఆరుబయట కొలనులు కలవు. గాలి సున్న డిగ్రీకి దిగువనున్నను నీరు వెచ్చగా నుండును. ఆవిరి తెరలుగా లేచి పక్కవాని ముఖమును మరుగుపరచును. కొందరు వృద్ధులు రొమ్ములోతు నీటిలో నిలిచి చదరంగ మాడుచుందురు. కష్టమంతయు బయటికి వచ్చినప్పుడే. తువాలు ఎచ్చట పెట్టినదియు ముందే గుర్తుంచుకొనవలెను.

తిరుగు ప్రయాణమున ఒక్క సంగతి మరువరాదు. జర్మనీ 2024 సెప్టెంబరునుండి తన భూసరిహద్దు లన్నిటియందును తాత్కాలిక తనిఖీలను ప్రవేశపెట్టినది. రైలు సరిహద్దు చేరువేళ పోలీసులు పెట్టెలోనికి వచ్చి పాస్‌పోర్టును, నివాసానుమతి కార్డును అడుగవచ్చును. వానిని సంచి అడుగున మాసిన బట్టల క్రింద దాచినవాడు, నిద్రమత్తులో తోటివారి ఒడిలో తన సామాను నంతయు కుమ్మరింపవలసివచ్చును.